316ఎల్ పైపులో కార్బన్ ఎంతుందో లిబ్స్ గన్‌తో కొలవడం ఎలా

జీడిమెట్ల, పాశమైలారం వైపు ఫార్మా రియాక్టర్లు, పైప్‌లైన్లు చేసే షాపుల్లో పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఉండేదే. లారీలోంచి దిగిన పైపు మీద 316ఎల్ (స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఒక గ్రేడ్) అని రాసి ఉంటుంది, సర్టిఫికెట్‌లోనూ అదే ఉంటుంది, ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలు పంపి, లోహం నుంచి తిరిగొచ్చే ఎక్స్‌రేలతో మూలకాలు గుర్తుపట్టేది) పెడితే క్రోమియం 16.6, నికెల్ 10.1, మాలిబ్డినం 2.05 వచ్చి స్క్రీన్ మీద 316 అని పడుతుంది. మెటీరియల్ ఓకే అని స్టిక్కర్ వేసేస్తాం. కానీ పేరు చివర ఉన్న ఆ ‘ఎల్’ సంగతి ఎవరు తేల్చారు? ఎక్స్‌ఆర్‌ఎఫ్ తేల్చలేదు, దాని వల్ల కాదు కూడా. దానికి లిబ్స్ గన్ కావాలి, అంటే లేజర్‌తో మూలకాలు కొలిచేది.

ఎల్ అంటే లో కార్బన్. 316లో కార్బన్ 0.08% దాకా ఉండొచ్చు, 316ఎల్‌లో మామూలుగా 0.030% దాటకూడదు (ఏఎస్‌టీఎం ఏ312 పైపు స్టాండర్డ్‌లో 0.035% దాకా ఒప్పుకుంటారు, ఇక్కడ 0.030నే పట్టుకుందాం), మిగతా మూలకాలు రెండింటిలో దాదాపు ఒకటే. ఈ కాస్త తేడాకి ఎందుకంత పట్టింపు అంటే వెల్డింగ్ వల్ల. వెల్డ్ పక్కన ఉన్న లోహం సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య కాసేపు ఉండిపోతే కార్బన్ వెళ్లి క్రోమియంతో కలిసి లోహంలోని గింజల (చిన్న స్ఫటికాల) అంచుల్లో కార్బైడ్‌గా చేరుతుంది, ఆ అంచు చుట్టూ క్రోమియం తగ్గిపోతుంది, తుప్పు పట్టకుండా కాపాడేదే క్రోమియం కాబట్టి ఆ తర్వాత యాసిడ్ వెళ్లినప్పుడు సరిగ్గా ఆ గీత వెంబడే తినేస్తుంది. పైకి వెల్డ్ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, లీక్ అయ్యాకే తెలుస్తుంది. అందుకే ఈ 0.030 అనే అంకెను నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను, మీరూ తీసుకోవాలి.

కార్బన్ నుంచి వచ్చే ఎక్స్‌రే శక్తి 0.277 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, అది గన్ కిటికీ దాటి డిటెక్టర్ దాకా చేరేలోపే గాలిలో ఇంకిపోతుంది. లిబ్స్ దారి వేరు. చాలా చిన్న లేజర్ పల్స్, సెకనులో వంద కోట్లవ వంతు లెక్కలో కొన్ని వంతులు మాత్రమే ఉండేది, లోహం మీద సూది మొనంత చోట పడుతుంది. అక్కడి లోహం కొద్దిగా ఆవిరై పది వేల డిగ్రీలు దాటిన ప్లాస్మా అవుతుంది. అది చల్లారేటప్పుడు ఒక్కో మూలకం తన సొంత రంగుల్లో వెలుగునిస్తుంది, ఏ రంగు ఎంత బలంగా ఉందో స్పెక్ట్రోమీటర్ చూసుకుని లెక్క కడుతుంది. చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర సల్ఫర్ ఉందని తేల్చింది ఇదే పద్ధతితో. మన చేతిలో ఉన్న గన్ సూత్రం కూడా అదే.

స్టీల్‌లో కార్బన్‌కి ఎక్కువగా వాడే గీత (స్పెక్ట్రోమీటర్‌లో ఆ మూలకం రంగు పడే చోటు) 193.09 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. 247.86 దగ్గర ఇంకొకటి ఉంది కానీ దాదాపు అక్కడే ఇనుము గీత కూడా ఉంది, స్టీల్ నిండా ఇనుమే కదా, కాబట్టి తక్కువ కార్బన్‌కి అది పనికిరాదు. 193తో ఇబ్బంది ఏంటంటే ఆ వెలుగును గాలిలోని ఆక్సిజన్ మింగేస్తుంది. అందుకే ఆర్గాన్. కార్బన్ కొలిచే గన్‌లో చిన్న ఆర్గాన్ డబ్బానో, పక్కన సిలిండర్ నుంచి పైపో ఉండేది అందుకే. వెల్డింగ్‌కి వాడే ఆర్గాన్ ఉంది కదా అని దాన్ని తగిలించొద్దు, 99.999% లేదా మీ గన్ మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ అంతకంటే మెరుగైతే అది తెప్పించండి. సిలిండర్ మార్చినప్పుడు, పొద్దున మొదలుపెట్టినప్పుడు లైన్‌లో మిగిలిన గాలి పోయేదాకా కాసేపు పర్జ్ చేయండి. ఆర్గాన్ మిగలబెట్టడానికి దీన్ని ఎగ్గొట్టేవాళ్లని చూశాను, తర్వాత నమ్మలేని రీడింగులతో అంతకు రెట్టింపు ఆర్గాన్ పోగొట్టుకున్నారు.

ఇక మొదలుపెట్టే ముందు రెండు విషయాలు, వీటిలో రాజీ లేదు. గ్రైండింగ్ నిప్పురవ్వలు, లేజర్ ప్లాస్మా రెండూ నిప్పే. సాల్వెంట్ వాడే ప్లాంట్ లోపల టెస్ట్ చేస్తుంటే హాట్ వర్క్ పర్మిట్ (నిప్పు వచ్చే పనికి ప్లాంట్ ఇచ్చే అనుమతి) లేకుండా గన్ బయటికి తీయొద్దు, “చిన్న గన్నే కదా” అనే మాట అక్కడ చెల్లదు. రెండోది కళ్లు. ముక్క సరిగ్గా ఆనితేనే లేజర్ పేలేలా గన్ ముక్కు దగ్గర సెన్సర్ ఉంటుంది, దాన్ని టేప్ వేసి మోసం చేయడం, చిన్న వాషర్‌ని వేళ్లతో పట్టుకుని షాట్ కొట్టడం లాంటివి అస్సలు వద్దు. ముక్క చిన్నదైతే టెస్ట్ స్టాండ్‌లో పెట్టండి. మీ గన్‌కి చెప్పిన కళ్లద్దాలే పెట్టుకోండి, ఒక తరంగదైర్ఘ్యానికి చేసిన అద్దం ఇంకోదాన్ని ఆపదు.

గ్రైండింగ్ దగ్గరే అంతా ఉంది

లిబ్స్ షాట్ తీసుకునేది పైపొరలో కొన్ని మైక్రాన్ల లోతు మాత్రమే. అక్కడ ఏముంటే అదే చదువుతుంది, పైపు లోపల ఏముందో దానికి తెలియదు. మనం వెతుకుతున్నదేమో 0.02, 0.03 శాతం కార్బన్. ఇప్పుడు ఆలోచించండి, పైపు లాగేటప్పుడు వాడిన లూబ్రికెంట్‌లో కార్బన్, మార్కర్ ఇంక్‌లో కార్బన్, పెయింట్‌లో కార్బన్, గ్లవ్ మీద నూనెలో కార్బన్, వేలిముద్రలో కూడా కార్బనే. అంటే మురికి ఎప్పుడూ రీడింగ్‌ని పైకే తీసుకెళ్తుంది. ఈ ఒక్కటి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది: స్టెయిన్‌లెస్‌లో కార్బన్ ఎక్కువ వచ్చిందంటే పైపుని అనుమానించే ముందు మీరు గ్రైండ్ చేసిన మచ్చని అనుమానించండి.

ఇది నేను కష్టపడి నేర్చుకున్నాను. కొత్తలో ఒకసారి ఒక లాట్ పైపుల్లో వరసగా 0.05 పైనే వచ్చింది. సప్లయర్‌కి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను, లాట్ పక్కన పెట్టించాను, ఆ మనిషి మధ్యాహ్నానికల్లా బండి వేసుకుని వచ్చేశాడు. ఆయన నాతో వాదించలేదు, నా గ్రైండర్ చేతిలోకి తీసుకుని డిస్క్‌ని తిప్పి చూశాడు. ముందు షిఫ్ట్ వాళ్లు అదే డిస్క్‌తో స్ట్రక్చర్ మీద పెయింట్ గీశారు, గింజల మధ్య రంగు ఇంకా కనిపిస్తోంది. కొత్త డిస్క్ వేసి అదే పైపుని మళ్లీ గ్రైండ్ చేస్తే 0.019. ఆయనకి క్షమాపణ చెప్పాను, ఆ రోజు నుంచి లిబ్స్ డిస్కులు వేరే డబ్బాలో తాళం వేసి పెడుతున్నాను.

కాబట్టి ఇలా చేయండి. అల్యూమినియం ఆక్సైడ్ లేదా జిర్కోనియా ఫ్లాప్ డిస్క్ తీసుకోండి, 60, 80 గ్రిట్ దగ్గర బాగుంటుంది. సిలికాన్ కార్బైడ్ వద్దే వద్దు, దాని పేరులోనే కార్బన్ ఉంది, సిలికాన్ కూడా ఉంది, అంటే రెండు మూలకాల్ని మనమే పైపులోకి రుద్దినట్టు. స్టెయిన్‌లెస్‌కి వాడే డిస్క్ స్టెయిన్‌లెస్‌కే, అందులోనూ ముందు ఎక్కువ కార్బన్ ఉన్న గ్రేడ్ గ్రైండ్ చేసి ఉంటే ఎల్ గ్రేడ్‌కి కొత్తది వేయండి. ఆయిల్, పెయింట్ ఉంటే ముందు వేరే పాత డిస్క్‌తో తీసేసి, ఆ తర్వాత మంచి డిస్క్‌తో మెరిసే లోహం కనపడేదాకా తీయండి. ఒకేచోట గట్టిగా నొక్కి నీలం రంగు తిరిగేలా కాల్చొద్దు. మచ్చ సుమారు పాతిక మిల్లీమీటర్లు ఉంటే ఐదారు షాట్లకి చోటు సరిపోతుంది.

గ్రైండ్ అయ్యాక వేలితో తడిమి నున్నగా ఉందా అని చూడటం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానేయాలి. గుడ్డతో తుడవొద్దు, అసిటోన్‌తో కడగొద్దు, అది ఆరినా పల్చటి పొర వదిలే అవకాశం ఉంది. గ్రైండ్ చేశాక నేరుగా గన్ పెట్టేయడమే, టీ తాగొచ్చి చేద్దామనుకుంటే మళ్లీ ఒకసారి లైట్‌గా గ్రైండ్ చేసి మొదలుపెట్టండి.

చిన్న సైజు పైపుల మీద ఇంకో తంటా ఉంటుంది. ఒంపు వల్ల గన్ ముక్కు సరిగ్గా ఆనదు, పక్క సందుల్లోంచి ఆర్గాన్ పోయి గాలి దూరుతుంది. గోడ మందం ఉంటే కొద్దిగా చదును చేయొచ్చు, కానీ పల్చటి షెడ్యూల్ (గోడ మందం) పైపు మీద చదును చేస్తూ కూర్చుంటే మినిమమ్ థిక్‌నెస్ కిందికి వెళ్లిపోతారు, పైపు మంచిదని నిరూపించడానికి పైపునే పాడుచేసినట్టవుతుంది. అలాంటివాటికి గన్ కంపెనీ ఇచ్చే చిన్న పైపు అడాప్టర్ వాడండి, లేదంటే కోసిన చివర ముక్క ఉంటుంది కదా, దాని మీద చేయండి.

కార్బన్ స్టీల్‌లో మాత్రం కథ తిరగబడుతుంది. వేడి మీద రోల్ చేసిన ప్లేటు పైపొరలో కార్బన్ కాలిపోయి లోపలికంటే తక్కువ ఉండొచ్చు, అక్కడ పైపైన గీసి టెస్ట్ చేస్తే నిజం కంటే తక్కువ వస్తుంది. స్కేల్ (వేడికి పట్టిన ఆక్సైడ్ పొర) పోయాక ఇంకొంచెం లోతుకు తీయండి, మళ్లీ తీసి మళ్లీ కొలవండి, రెండు లోతుల్లో ఒకే రీడింగ్ వచ్చిందంటే మీరు అసలు లోహం దగ్గరికి చేరినట్టు. ఇది ఎందుకు ముఖ్యమంటే కార్బన్ స్టీల్‌లో ఈ అంకె నేరుగా వెల్డింగ్ లెక్కలోకి వెళ్తుంది. ఆ లెక్క పేరు కార్బన్ ఈక్వివలెంట్, స్టీల్‌ని వెల్డ్ చేయడం ఎంత కష్టమో చెప్పే అంకె. దానికోసం కార్బన్‌కి మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం మాలిబ్డినం వనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్ రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. కార్బన్ 0.20, మాంగనీస్ 1.20, క్రోమియం 0.10, మాలిబ్డినం 0.02, నికెల్ 0.10, రాగి 0.20 అయితే 0.444 వస్తుంది. ఇందులో మాంగనీస్ 0.03 తప్పు చదివితే ఫలితం 0.005 మారుతుంది, కార్బన్ 0.03 తప్పు చదివితే మొత్తం 0.03 అలాగే పడుతుంది. ప్రీహీట్ (వెల్డింగ్‌కి ముందు వేడి) ఇవ్వాలా వద్దా అనేది ఆ తేడా మీదే ఆధారపడొచ్చు.

షాట్ కొట్టే ముందు గన్‌ని పరీక్షించండి

మీ దగ్గర కనీసం రెండు సర్టిఫైడ్ ముక్కలు ఉండాలి, రెండూ 316 తరహావే, ఒకదానిలో కార్బన్ 0.02 దగ్గర, ఇంకోదానిలో 0.05, 0.06 దగ్గర. మనకు కావాల్సిన 0.030 ఈ రెండింటి మధ్యలో ఉంటుంది, అందుకే రెండు. ఒకే ముక్కతో చెక్ చేస్తే గన్ ఆ ఒక్కచోట సరిగ్గా ఉందనే తెలుస్తుంది. సర్టిఫైడ్ ముక్కలు మన దేశంలోనూ దొరుకుతాయి, జంషెడ్‌పూర్‌లోని నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ రిఫరెన్స్ మెటీరియల్స్ తయారుచేస్తుంది. ఖర్చు ఎక్కువే, అయినా కొనండి. ముక్క ఎందుకు స్టెయిన్‌లెస్‌దే కావాలంటే, లిబ్స్‌లో ఒకే కార్బన్ శాతం ఉన్నా లోహం మారితే వెలుగు బలం మారుతుంది, దీన్నే మ్యాట్రిక్స్ ఎఫెక్ట్ అంటారు. లో అల్లాయ్ ముక్కతో సరిచూసి 316 మీద నమ్మకం పెట్టుకుంటే లాభం లేదు. గన్‌లో కూడా సరైన ప్రోగ్రాం, అంటే స్టెయిన్‌లెస్ కార్బన్ ప్రోగ్రాం, ఎంచుకున్నారో లేదో చూసుకోండి.

రిఫరెన్స్ ముక్కని కూడా పైపులాగే అదే డిస్క్ రకంతో గ్రైండ్ చేసి కొట్టాలి. పనికి ముందు ఒకసారి, మధ్యలో రెండు గంటలకోసారి, చివర్లో ఒకసారి. చివర్లో చేసేదాన్ని వదిలేయొద్దు, అది తప్పితే ఆ మధ్యలో చేసినవన్నీ మళ్లీ చేయాలి, తప్పదు. మే నెలలో షెడ్ బయట ఎండలో గన్‌ని వదిలేసి వచ్చి వెంటనే కొడితే అంకెలు పక్కకు జరుగుతాయి, లోపలి స్పెక్ట్రోమీటర్ వేడికి కొద్దిగా కదులుతుంది కాబట్టి. ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చినా అంతే. గన్ ఆ వాతావరణానికి అలవాటుపడనిచ్చి, డ్రిఫ్ట్ కరెక్షన్ (పక్కకు జరిగిన అంకెల్ని గన్‌తోనే సరిచేయించడం) చేసి, అప్పుడు చెక్ ముక్క, అంటే ఆ సర్టిఫైడ్ ముక్క, కొట్టండి.

చెక్ ముక్క సర్టిఫికెట్‌లో 0.017 ఉంటే గన్ 0.023 చూపిందనుకోండి. “సరేలే, ప్రతిదాంట్లో 0.006 తీసేద్దాం” అనిపిస్తుంది. అలా చేయకండి. ఆ 0.006 ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి: డిస్క్ మురికా, కిటికీ గ్లాస్ మీద మసి పేరుకుందా, ఆర్గాన్ అయిపోవస్తోందా, ముక్కు దగ్గర సీల్ అరిగిందా. గన్‌లో మొత్తం సిగ్నల్ బలం లేదా ఇనుము గీత బలం చూపించే స్క్రీన్ ఉంటే రోజూ దాన్ని రాసి పెట్టుకోండి, మామూలుగా వచ్చేదాని కంటే బాగా పడిపోయిందంటే కార్బన్ అంకె ఎంత అందంగా ఉన్నా నమ్మొద్దు.

షాట్లు, ఆ తర్వాత లెక్క

గన్‌ని నిటారుగా, గట్టిగా ఆనించి, బర్న్ (ఒక షాట్) అయ్యేదాకా కదపకుండా పట్టుకోండి. చాలా గన్‌లు మొదట కొన్ని పల్సులు శుభ్రం చేయడానికే వాడి తర్వాతవి లెక్కలోకి తీసుకుంటాయి, అయినా కొత్త మచ్చ మీద మొదటి బర్న్‌ని నేను లెక్కలో పెట్టను. తర్వాత ఐదు బర్న్‌లు, ప్రతిదీ ముందుదానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, పాత గుంట మీద మళ్లీ కొట్టకుండా. లేజర్ పడేది చాలా చిన్న చోటు కాబట్టి ఒక్క రీడింగ్‌కి పెద్ద అర్థం లేదు, ఎక్కడో ఒక మలినం రేణువు మీద పడి ఉండొచ్చు.

ఉదాహరణకి 0.018, 0.021, 0.019, 0.020, 0.022 వచ్చాయనుకోండి. సగటు 0.020, స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 0.0016. సగటుకి దాని రెట్టింపు కలిపితే 0.023, అది 0.030 కంటే బాగా కింద ఉంది, చెక్ ముక్క కూడా సరిగ్గా వచ్చి ఉంటే పైపు పాస్. సగటులోంచి రెట్టింపు తీసేసినా 0.030 పైనే ఉంటే, మళ్లీ కొత్త డిస్క్‌తో వేరేచోట గ్రైండ్ చేసి కొట్టండి, అప్పుడూ అంతే వస్తే లాట్ ఆపండి. మధ్యలో పడితే, అంటే 0.028, 0.031 అలా ఊగుతుంటే, గన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. ఒక ముక్క కోసి ల్యాబ్‌కి పంపండి. అక్కడ ముక్కని ఆక్సిజన్‌లో కాల్చి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఇన్‌ఫ్రారెడ్‌తో కొలుస్తారు, కార్బన్ విషయంలో ఆఖరి మాట దానిదే. మెటీరియల్ స్టాండర్డ్‌లో ప్రొడక్ట్ అనాలిసిస్‌కి (తయారైన సరుకుని మళ్లీ పరీక్షించడానికి) కొంచెం సడలింపు కూడా ఇచ్చి ఉంటుంది, రిజెక్ట్ చేసే ముందు ఆ పేజీ తీసి చూడండి.

ఒక రీడింగ్ మిగతావాటి నుంచి దూరంగా పడితే, ఉదాహరణకి నాలుగు 0.02 దగ్గర ఉండి ఒకటి 0.041, దాన్ని ఊరికే కొట్టేయొద్దు. ఆ గుంటని లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి, గీత కనిపించిందా, గన్ కదిలిందా, అంచుకి పడిందా. కారణం దొరికితే రాసి తీసేయండి, దొరక్కపోతే మచ్చ మొత్తం మళ్లీ గ్రైండ్ చేసి ఐదూ మళ్లీ కొట్టండి. నచ్చిన నాలుగు ఉంచుకోవడం కొలత అవ్వదు.

ఇంకో మాట, మార్కెట్‌లో వచ్చే చాలా పైపులకి 316, 316ఎల్ రెండు పేర్లూ కలిపి ఒకే సర్టిఫికెట్ ఉంటుంది, అంటే కార్బన్ ఎలాగూ ఎల్ గ్రేడ్ లిమిట్ లోపే చేసి ఉంటారు. అలాంటి పైపులో 0.05 వచ్చిందంటే నేను ముందు డిస్క్ మారుస్తాను, ఆ తర్వాతే ఫోన్ తీస్తాను.

సల్ఫర్, ఫాస్ఫరస్ కూడా లిబ్స్ గన్‌తో అయిపోతుందా అని అడుగుతుంటారు. చంద్రుడి మీద సల్ఫర్ ఉందని గుర్తుపట్టడం వేరు, స్టీల్‌లో 0.030% లిమిట్ దగ్గర అంకె చెప్పడం వేరు. వాటి బలమైన గీతలు కార్బన్ కంటే ఇంకా లోతైన అల్ట్రావయొలెట్‌లో ఉంటాయి, వాటికి స్పార్క్ ఓఈఎస్ (లేజర్ బదులు కరెంట్ స్పార్క్‌తో వెలుగు పుట్టించి కొలిచే మెషీన్) దగ్గరికి వెళ్లండి. మాలిబ్డినం, నికెల్ లాంటి బరువు మూలకాలకి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌నే నేను ఎక్కువ నమ్ముతాను, గ్రైండింగ్ కూడా అంత అక్కర్లేదు. అందుకే రెండు గన్‌లూ ఉన్నచోట ముందు ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో గ్రేడ్ తేల్చుకుని, కార్బన్‌కి మాత్రం లిబ్స్ తీయడం మంచిది. లిథియం, బెరీలియం, బోరాన్ లాంటి తేలికవాటికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఎలాగూ రాదు, అక్కడ లిబ్స్ తప్పదు. బెరీలియం ఉన్న రాగిని మాత్రం ఇష్టమొచ్చినట్టు గ్రైండ్ చేయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

రిపోర్ట్‌లో సగటు ఒక్కటే రాస్తే చాలదు. హీట్ నంబర్ (స్టీల్ కరిగించిన బ్యాచ్ నంబర్), ఐదు రీడింగులూ, ముందూ వెనకా చెక్ ముక్క ఎంత చూపింది, డిస్క్ ఏది, ఆర్గాన్ సిలిండర్ నంబర్ ఎంత, ఇవన్నీ ఒక లైన్‌లో రాయండి. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు జవాబు చెప్పగలిగేది ఇవి ఉన్నవాళ్లే.

చివరిగా ఆ గ్రైండ్ మచ్చ, దాని మధ్యలో ఐదారు చిన్న కాలిన చుక్కలు. వాటిని అలా వదిలేసి స్టిక్కర్ అంటించి వెళ్లిపోతే, తేమ తగిలినప్పుడు తుప్పు మొదలయ్యేది అక్కడే. ప్రోడక్ట్ తగిలే లోపలి వైపు, మిర్రర్ పాలిష్ చేసిన వైపు ఎప్పుడూ టెస్ట్ చేయకండి, బయటివైపో కోసిన చివరో చూసుకోండి. టెస్ట్ అయ్యాక చుక్కలు పోయేదాకా సన్న గ్రిట్‌తో తీసి, పిక్లింగ్ పేస్ట్ (కాలిన పొరని తినేసే యాసిడ్ పేస్ట్) పెట్టి, నీళ్లతో బాగా కడిగి, పాసివేట్ చేసి (తుప్పు ఆపే క్రోమియం పొర మళ్లీ పట్టేలా చేసి), ఆ తర్వాతే పైపుని రాక్‌లో పెట్టండి.